మేడారం దారిలో రెండు కార్బొరేటర్లు

వరంగల్ నుంచి మేడారం పోయిరావడం కూడా ఒక యాత్రేనా అని మా స్టాఫ్ రూములో నవ్వారు. బస్సెక్కి ఒక కునుకు తీస్తే అడవి వచ్చేస్తుందట. బస్సులో పోయినవాళ్లు అట్లాగే అంటారు. నేను పోయింది బస్సులో కాదు. నాకంటే నాలుగేళ్లు మాత్రమే చిన్నదైన ఒక మోటారు సైకిలు మీద. ముందు మల్లేశం, మధ్యలో వాళ్లమ్మ కొమురమ్మ, వెనక ఒక కాలు గాల్లో పెట్టుకుని నేను. ఆ దారిలో చూసిందీ, తిన్నదీ, విప్పిందీ, బిగించిందీ మొత్తం చెబితేగాని నా ఉబలాటం తీరేట్టు లేదు.

నేను మడికొండలో ఉంటాను, హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరును. మల్లేశం వర్ధన్నపేట దగ్గర పల్లెలో మిరప, పత్తి వేస్తాడు. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. మాది చర్చికి పోయే కుటుంబం, వాళ్లది మేడారం మొక్కే కుటుంబం. వరసేమీ లేకపోయినా అప్పటినుంచీ ఒకరినొకరం ‘బావా’ అనే పిలుచుకుంటాం. ఆ చనువుతోనే ఇద్దరం కలిసి ఒక పాత మోటారు సైకిలు కొన్నాం. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన రెండు సిలిండర్ల బండి. ట్యాంకు మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. ఒక నెల వాడి దగ్గర, ఒక నెల నా దగ్గర ఉంటుంది. చెడిపోయినప్పుడు మాత్రం అది ఎప్పుడూ అవతలివాడి బండే.

ఇక మొక్కు సంగతి. కొన్నేళ్ల కింద మిరప చేన్లో మల్లేశాన్ని పాము కరిచింది. దవాఖానలో వాడు కళ్లు తేలేసినప్పుడు కొమురమ్మ వరండాలో కూర్చుని సమ్మక్కకు మొక్కుకుంది. ‘నా కొడుకు బతికితే, తల్లీ, నువ్వు గుట్ట దిగి గద్దెకు వచ్చే గడియలో వానితో కలిసి నీ ముందర నిలబడతా, వాని నిలువెత్తు బంగారం ఇస్తా’ అని. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి ఆ బరువుకు సరిపడా బెల్లం తూచి ఇస్తారు. మల్లేశం బతికాడు. జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మొదటి జాతరకు కూతురి కాన్పు అడ్డం వచ్చింది. రెండోసారి దారిలో ఎడ్లబండి చక్రం విరిగింది. వీళ్లు చేరేసరికి సమ్మక్క గద్దె మీదికి వచ్చి ఒక రాత్రి గడిచిపోయింది.

“బెల్లమైతే ఎప్పుడన్న ఇయ్యొచ్చు బిడ్డా. అచ్చే గడియల నిలబడత అన్న మాట ఉన్నది సూడు, అది బాకి పడ్డది,” అని కొమురమ్మ నాతో ఎన్నిసార్లు అన్నదో. “రెండుసార్లు తల్లి ఊకున్నది. మూడోసారి ఊకుంటదా? వీని పానం ఆమె ఇచ్చిందే.”

ఈసారి వాళ్ల ఎద్దుల్లో ఒకటి కుంటిది అయింది. మేనమామల బండి బెల్లంతో, కోళ్లతో, పిల్లలతో నిండిపోయి ముందే వెళ్లిపోయింది. బస్సు వాసన తగిలితే కొమురమ్మకు వాంతులు. మిగిలింది మా మోటారు సైకిలు. గురువారం పొద్దుగూకే వేళకు మేడారం చేరాలి. ఆ మంగళవారానికి మా బండి పరిస్థితి ఏమిటంటే, నిలబెడితే వణుకుతుంది, పోనిస్తే దగ్గుతుంది, ఎత్తు వస్తే ఒక సిలిండరు పూర్తిగా పని మానేస్తుంది.

వర్ధన్నపేట

వర్ధన్నపేట బస్టాండు వెనక సాదిక్ భాయ్ అనే పెద్దమనిషి పాత బండ్ల సామాను అమ్ముతాడు. దుకాణమంటే ఒక రేకుల పంచ, దాని కింద విప్పిన బండ్ల కుప్ప. వరంగల్లో అయితే దుకాణదారు ముందు డబ్బులు చూసి తరవాత ముఖం చూస్తాడు. సాదిక్ భాయ్ ముందు రోగిని చూస్తాడు. మేం విప్పి తెచ్చిన పాత కార్బొరేటర్లు రెండూ చేతిలోకి తీసుకుని, లోపల పైకీ కిందికీ ఆడే స్లైడ్లను వేలితో కదిలించాడు. అవి గిలక్కాయల్లా మోగాయి.

“మాస్టర్ సాబ్, ఇవి కార్బేటర్లా, జల్లెడలా? ఎటు పడితే అటు గాలి గుంజుతాన్నయ్. గీటితోని మేడారం పోతరా? ములుగు దాక గూడ పోరు.”

“అందుకే గదా భాయ్ నీ దగ్గరికి వచ్చింది. మా అవ్వ మొక్కు ఉన్నది,” అన్నాడు మల్లేశం.

మొక్కు అనేసరికి సాదిక్ భాయ్ లేచి కుప్పలో చేయిపెట్టాడు. నేనూ కూర్చోలేక ఆ కుప్పలోకి దూరాను. ఎన్ని రకాల మూతలు, ఎన్ని రకాల లీవర్లు! ఒక్కోదాని వంపు చూస్తుంటే బొమ్మ గీసుకోవాలనిపించింది. చేతులకు నల్లని జిడ్డు అంటింది, చొక్కాకు అంటింది, ముక్కుకు కూడా అంటిందని తరవాత అద్దంలో చూస్తే తెలిసింది. కాసేపటికి సాదిక్ భాయ్ రెండు కార్బొరేటర్లు పైకి తీశాడు. రెండూ మా బండికి సరిపోయేవే, కానీ రెండు వేరు వేరు బండ్ల నుంచి వచ్చినవి.

“సొంత అన్నదమ్ములు గావు ఇవి. మేనబావలు. జర సముదాయించుకోవాలె,” అన్నాడు.

ధర దగ్గర మల్లేశమూ ఆయనా ఒకరినొకరు చావగొట్టుకున్నారు. ఇక్కడి బేరంలో తమాషా ఏమిటంటే, అమ్మేవాడు ధర తగ్గించిన ప్రతిసారీ తనను తానే తిట్టుకుంటాడు. చివరికి ఇద్దరూ నిండా మునిగిపోయినట్టు ముఖాలు పెట్టి కౌగిలించుకున్నారు. ఆ వెంటనే లోపలి నుంచి కిచిడీ, ఖట్టా వచ్చాయి. నువ్వులూ చింతపండూ వేసిన ఆ ఖట్టా పోసుకుని వేడి కిచిడీ తింటుంటే, కార్బొరేటర్లు దొరికిన సంబరమో ఏమో, మూడుసార్లు పెట్టించుకున్నాను.

మడికొండ, మా పెరడు

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కార్బొరేటరంటే ఇంజనుకు వంటమనిషి. పెట్రోలునూ గాలినీ తగుపాళ్లలో కలిపి వడ్డిస్తుంది. మా బండికి రెండు సిలిండర్లు, ఇద్దరు వంటవాళ్లు. ఇద్దరూ ఒకే వేళకు ఒకే పాళ్లలో వడ్డించాలి. ఒకడు ముందు, ఒకడు వెనకైతే ఇంజను కొట్టుకులాడుతుంది.

మల్లేశానికి ఈ వంటవాళ్ల లెక్క నచ్చదు. వాడి దృష్టిలో అవి జోడెడ్లు. కాడికి కుడివైపు కట్టే ఎద్దును ఎలపటిది, ఎడమవైపు దాన్ని దాపటిది అంటారు. బండి కొన్న నాటినుంచీ మా కార్బొరేటర్లకూ అవే పేర్లు.

బుధవారం పొద్దున్నే మా పెరట్లో పని మొదలుపెట్టాం. కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య గాలి చొరబడకుండా ఒక అట్ట పెట్టాలి. అది దొరకలేదు. పోయినేటి క్యాలెండరు అట్ట తీసుకుని, దాన్ని ఇంజను అంచు మీద ఆనించి చిన్న సుత్తితో చుట్టూ కొడితే ఆ ఆకారమే తెగి వచ్చింది. పెట్రోలు పోయే సన్నని జెట్లు విప్పి కడగడానికి గిన్నె కావాలంటే మా ఆవిడ ఇయ్యనంది. ఆమె అవతలికి పోగానే పాయసం గిన్నె తీసుకున్నాను. ఆ సంగతి ఆదివారం పాయసం తాగినప్పుడు ఇంటిల్లిపాదికీ తెలిసింది.

బిగించాక అసలు పని. రెండు కార్బొరేటర్ల నోళ్లలో రెండు వేళ్లు పెట్టి నేను కూర్చున్నాను. మల్లేశం మెల్లగా యాక్సిలేటరు తిప్పాడు. లోపలి స్లైడ్లు రెండూ ఒకేసారి లేవాలి. ఎలపటిది ముందు లేచింది. తీగ బిగించాం. దాపటిది ముందు లేచింది. వదులు చేశాం. నాలుగైదు సార్లు అటూ ఇటూ అయ్యాక రెండు వేళ్లకూ ఒకే క్షణంలో స్పర్శ తెలిసింది. నేను గట్టిగా అరిచాను. పక్కింటివాళ్లు ఏదో కరిచిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

తరవాత ఒక ప్లగ్గు తీగ ఊడదీసి ఒక సిలిండరు మీదే బండిని నడిపించి, గాలి స్క్రూను పావు తిప్పు అటూ పావు తిప్పు ఇటూ తిప్పుతూ ఎక్కడ శబ్దం నిండుగా ఉంటుందో అక్కడ ఆపాం. రెండోదానికీ అట్లాగే. మేనబావలు కదా, ఒకడికి తిప్పున్నర సరిపోతే ఇంకొకడు రెండు తిప్పులు అడిగాడు. చివరికి రెండు తీగలూ కలిపి కిక్కు కొట్టేసరికి, ఆ బండి గొంతు నేను ఎప్పుడూ విననిది. వణుకు లేదు, దగ్గు లేదు. సీటు మీద పెట్టిన స్క్రూ డ్రైవరు పెట్టినచోటే ఉంది. మల్లేశం దాన్నే చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“బావా, గిదేంది, మన బండేనా?”

“ఇప్పుడు మాత్రం నా బండి,” అన్నాను.

ములుగు

మధ్యాహ్నం బయలుదేరి, వాళ్ల పల్లెలో కొమురమ్మను ఎక్కించుకున్నాం. కొమురమ్మ ఎర్రచీర కొంగు నడుముకు చుట్టి, ఒళ్లో ఒక బెల్లం ముద్ద మూట పెట్టుకుని మా మధ్య కూర్చుంది. మిగతా బెల్లం మేనమామల బండిలో పోయింది గాని, ఇంటి నుంచి కొంతయినా తన చేత్తో తీసుకుపోవాలని ఆమె పట్టు. బండి పరుగు చూసి నాకు పాటలు పాడాలనిపించింది. ఎత్తులన్నీ మూడో గేరులోనే ఎక్కేసింది. దారి పొడుగునా ఎడ్లబండ్లు, వాటికింద లాంతర్లు, వెనక కట్టేసిన మేకలు. ప్రతి బండిలో నుంచీ ఎవరో ఒకరు చేయి ఊపుతూ కేక వేస్తున్నారు. కొమురమ్మ అందరికీ బదులు కేక వేస్తోంది, నా చెవిలో.

ఆ రాత్రి ములుగులో మల్లేశానికి తెలిసినవాళ్ల అరుగు మీద బస. మాలాంటివాళ్లు అప్పటికే సగం అరుగు ఆక్రమించారు. ఎవరూ ఎవరినీ ఏ కులం, ఏ ఊరని అడగలేదు. ‘తిన్నరా?’ అని మాత్రం అడిగారు. మా చర్చి విందుల్లో కూడా బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో పెద్దవాళ్లకు ఒక లెక్క ఉంటుంది. ఇక్కడ నా విస్తరిలోకి జొన్నరొట్టె ఒక ఇంటిది, ఎండుచేపల కూర ఇంకో ఇంటిది, పచ్చిపులుసు ఎవరిదో తెలియదు. టెంకాయ ధర మాత్రం వరంగల్లో కంటే రెట్టింపు. అడిగితే, ‘మేడారంల ఇంకింత ఉంటది, గిక్కడనే కొను’ అని అమ్మేవాడు నా మేలు కోరాడు.

“నువ్వు అస్తానవ్ గదా కొడుకా, మీ దేవుడు ఏమనడా?” అని కొమురమ్మ అడిగింది.

“నేను డ్రైవరుకు తోడు వస్తున్నా పెద్దమ్మా, అంటే ఏమంటాడు?”

“గట్లనే చెప్పు. అబద్ధం గాదు గదా,” అని తృప్తిగా పడుకుంది.

తెల్లారి నేనూ మల్లేశమూ బావి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి కొమురమ్మ బండికి పసుపు రాసి, హ్యాండిలుకు రెండువైపులా కుంకుమ బొట్లు పెట్టింది. పక్కనే బండ్లవాళ్లు ఎద్దుల కొమ్ములకు అదే చేస్తున్నారు. ముచ్చటేసింది. ఇంత పసుపు పూసుకున్న మోటారు సైకిలును నేను బొమ్మల్లో కూడా గీయలేదు.

పస్రా ఇవతల

జంగాలపల్లి దాటాక అడవి దగ్గరపడింది. బండికి రోజులు దగ్గరపడిన సంగతి కూడా అప్పుడే తెలిసింది. ముందు చిన్న తడబాటు. తరవాత యాక్సిలేటరు వదిలినా ఇంజను అరుపు తగ్గలేదు. మల్లేశం బ్రేకు మీద నిలబడ్డాడు. ఒక ఎద్దు బెదిరి పక్కకు దూకింది, బండివాడు మా వంశాన్ని తలచుకున్నాడు. రోడ్డు దిగి ఆగాం. మళ్లీ కిక్కు కొడితే కుడివైపు సిలిండరు ఒక్కటే పలికింది.

“దాపటిది గుంజుతలేదు,” అంది కొమురమ్మ సీటు మీది నుంచే. “ఇప్పుడు గాదు, నిన్నటి సంది గుంజుతలేదు. నాకు ఎడమ తొడకు తెలుస్తాంది.”

“అవ్వా, నువ్వు జర దిగు,” అన్నాడు మల్లేశం.

చెట్టు కింద తువ్వాలు పరిచి రెండు కార్బొరేటర్లనూ విప్పాం. ఎలపటిది కడిగిన ముత్యంలా ఉంది. దాపటిదానిలో స్లైడు ఇరుక్కుపోయి ఉంది. బలవంతంగా లాగితే వచ్చింది, దాని ఒంటినిండా గోధుమరంగు జిగురు. పెట్రోలుతో కడిగాం. పోలేదు. మళ్లీ కడిగాం, గుడ్డతో రుద్దాం. పెట్రోలు అయిపోతోందిగాని జిగురు కదలడం లేదు. నా జన్మలో పెట్రోలుకు లొంగని మురికిని చూడలేదు.

“సాదిక్ భాయ్ దగా జేసిండు బావా! లోపల ఏందో లక్క బెట్టి అతికిచ్చిండు!” మల్లేశం గుడ్డ విసిరికొట్టాడు. “గిప్పుడెట్ల? ఈసారి గూడ తప్పుతె అవ్వ బతుకుతదా? బువ్వ ముట్టదు, తెలుసా నీకు?”

తెలుసు. పోయిన జాతర తరవాత ఆమె ఎన్నాళ్లు మాట్లాడకుండా కూర్చుందో నేను కళ్లారా చూశాను. పొద్దు నెత్తి మీదికి వచ్చేసింది. బస్సు ఆపుదామని మల్లేశం రోడ్డు మీదికి పోయి చేతులు ఊపాడు. వచ్చిన బస్సు టాపు మీద కూడా చోటు లేదు. తువ్వాలు మీది ముక్కల్ని ఊరికే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు చీమలు కనిపించాయి. ఎర్ర చీమలు, చెట్టు మొదలు నుంచి బారు కట్టి తువ్వాలు ఎక్కుతున్నాయి. ఎలపటి కార్బొరేటరును వదిలేసి, చుట్టు తిరిగి, సరిగ్గా దాపటిదాని మీదికే పోతున్నాయి. పెట్రోలు తాగే చీమలు ప్రపంచంలో ఎక్కడా లేవు కదా. వేలితో ఆ జిగురు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పెట్రోలు వాసన కింద నుంచి తియ్యగా తగిలింది.

“పెద్దమ్మా,” అన్నాను, “పొద్దున బండికి బొట్టు పెట్టేటప్పుడు ఇంకేమన్నా చేశావా?”

“చేసిన,” అంది కొమురమ్మ, అందులో అడిగేదేముందన్నట్టు. “మేడారం పోయే ఎద్దుకు బంగారం పెట్టకుండ బండి కడతరా ఎవలన్న? నోరు తెరిచే ఉన్నది. ఎలపటిది మంచిగనే గుంజుతాంది, దానికి వద్దనుకున్న. దాపటిది సుస్తుగ ఉన్నది గదా, ఇంత ముద్ద బెట్టిన. మా ఎద్దుకు గూడ గట్లనే పెడత.”

మల్లేశం నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. “అవ్వా! అది ఎద్దు గాదే! కార్బేటరే!”

“మరి ఎలపట దాపట అని పొద్దుమాపు మొత్తుకునేది ఎవడురా? నేనా?”

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేక కడుపు పట్టుకుని నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. నవ్వుతూనే గుర్తుకొచ్చింది, బెల్లం పెట్రోలులో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందులోనూ వేడి నీళ్లలో చిటికెలో కరుగుతుంది!

నాలుగడుగుల దూరంలో ఒక బండివాళ్లు మూడు రాళ్ల పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టారు. పరుగెత్తాను. పొయ్యి దగ్గరి ఆవిడ నన్నూ నా చేతులనూ కిందామీదా చూసి, “వేడినీళ్లు ఎందుకు తమ్మీ, ఎవలకన్న పానం బాగలేదా?” అంది.

“మోటారు సైకిలుకు స్నానం అక్కా!”

ఆవిడ ఎసరు దించి మొత్తం నీళ్లు నాకే ఇచ్చేసి, మళ్లీ కొత్తగా పెట్టుకుంది. గోధుమరంగు జిగురంతా టీ నీళ్లలా కారిపోయింది. జెట్లలో నోటితో ఊదాం, నీటిచుక్క మిగలకుండా ఎండలో తిప్పాం, పెట్రోలుతో ఒకసారి కడిగి బిగించాం. స్లైడు గాజు మీద గోళీలా జారింది.

కానీ సర్దుబాటు మళ్లీ మొదటికి వచ్చింది. పెరట్లోలాగా చెవితో వినే వీలు లేదు. పక్కన డప్పులు, ఎద్దుల గంటలు, పూనకం వచ్చిన శివసత్తుల కేకలు. సైలెన్సర్ల వెనక చెరో అరచేయి పెట్టి పొగ తాకిడి చూద్దామనుకున్నాం, చేతులు కాలాయిగాని తేడా తేలలేదు. అప్పుడు కొమురమ్మ మమ్మల్ని తోసేసి సీటు మీద రెండుకాళ్లూ ఇటూ అటూ వేసి కూర్చుంది.

“నేను కూసుంట, మీరు తిప్పున్రి. ఏ తొడ కింద ఎక్కువ కొట్టుకుంటదో చెప్త.”

మల్లేశం నన్ను చూశాడు. నేను స్క్రూ డ్రైవరు పట్టుకున్నాను. పావు తిప్పు. “ఇంక లేదు.” పావు తిప్పు. “అస్తాంది.” ఇంకొంచెం. “ఎక్కువైంది, ఎన్కకు, ఎన్కకు... ఆఁ! అగో, ఆగు!” ఆమె కళ్లు మూసుకుంది. బండి కింద ఎండుటాకులు కూడా కదలడం లేదు. ఎసరు ఇచ్చిన ఆవిడ, ఆమె మొగుడు, పిల్లలు అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకు తెలియదు, నేను మాత్రం వంగి దండం పెట్టాను.

జంపన్నవాగు

తాడ్వాయి దాటాక రోడ్డు లేదు. రోడ్డంతా ఎడ్లబండ్లే. నాలుగేసి వరసలు, చక్రానికి చక్రం ఆనుకుని పోతున్నాయి. ఇంత కష్టపడి దౌడు తీసే బండిని తయారుచేసుకుంటే, ఇప్పుడు మాకు కావలసింది ఎద్దు నడక. మొదటి గేరు, సగం క్లచ్చు, ముందున్న మేక తోకను చూస్తూ నడక. పాత కార్బొరేటర్లయితే ఈ నడకకు పదడుగులకోసారి ఆగిపోయేవి. ఇవి ఆగలేదు. ఆ దుమ్ములో, ఆ ఎండలో, ఇంజను నెమ్మదిగా నెమరేస్తున్నట్టు పలుకుతూనే ఉంది. ప్రతి నిమిషం అది ఆగిపోతుందేమోనని నా ప్రాణం పోయి వస్తోంది. కొమురమ్మ చెట్ల సందుల్లో పొద్దును చూస్తోంది.

వాగులో నీళ్లు మోకాలి లోతు. వేలమంది మునుగుతున్నారు, నీళ్లు పసుపుగా ఉన్నాయి. సైలెన్సర్లలోకి నీళ్లు పోతే ఇంజను చస్తుంది, అందుకని యాక్సిలేటరు తగ్గించకుండా మల్లేశం నడిపితే, నేను దిగి వెనక నుంచి తోశాను. “జరుగున్రి, జరుగున్రి, మొక్కు బండి!” అని కొమురమ్మ అరిచింది. జనం నవ్వుతూ దారి ఇచ్చారు. ఎవరో నా నెత్తిన దోసెడు నీళ్లు పోశారు. మా పాస్టరు గారు వింటే ఏమంటారో గాని, ఆ ఎండలో ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో!

అవతలి గట్టు ఎక్కేసరికి డోళ్ల చప్పుడు మారింది. జనమంతా ఒక్కసారిగా ఒకవైపుకు తిరిగారు. “గుట్ట దిగింది! తల్లి అస్తాంది!” అన్న కేక ఎక్కడో మొదలై మా మీదుగా దాటిపోయింది.

గద్దెల ముందర

మీరు గుడి గోపురం ఏదో ఊహించుకుంటారేమో. అక్కడ గోపురం లేదు, విగ్రహం లేదు. రెండు మట్టి గద్దెలు, చెట్టు, పాతిన వెదురు కర్రలు. సమ్మక్క వచ్చేది కుంకుమ భరిణె రూపంలో, కోయ పూజారి చేతుల్లో. అది నాకు ముందే మల్లేశం చెప్పాడు. చెప్పబట్టి సరిపోయింది. ఎందుకంటే మాకు కనిపించింది వీపులు మాత్రమే. మగవాళ్ల వీపులు, భుజాల మీద పిల్లలు, పిల్లల చేతుల్లో కోళ్లు. కొమురమ్మ పొట్టి మనిషి. మడమలు ఎత్తి చూసింది, ఎగిరి చూసింది. జనంలోకి చొరబడబోతే వెనక్కి తోశారు.

“కొడుకా, కనవడతలేదురా,” అంది. ఇంతదూరం వచ్చి, ఇన్నేళ్లు ఆగి, ఇప్పుడు వీపులు చూసి పోవడమా?

“సీటెక్కు అవ్వా!” అన్నాడు మల్లేశం.

ఇంజను ఆపాం. అక్కడంతా ఇసుక, స్టాండు వేస్తే దిగబడిపోతోంది. అందుకని వాడు దాపటివైపు, నేను ఎలపటివైపు నిలబడి, హ్యాండిలునూ వెనక కడ్డీనీ పట్టుకుని, బండిని ఛాతీలకు అదిమి పెట్టుకున్నాం. కొమురమ్మ నా భుజం మీద కాలుపెట్టి సీటెక్కింది. మా ఇద్దరి తలల మీద చెరో చేయి ఆనించి నిలబడింది. జనం అలలా వచ్చి మా వీపులకు కొట్టుకుంటున్నారు. ఒక్క చేయి వదిలినా బండీ ఆమే ఇద్దరూ కిందికి వస్తారు.

స్టాఫ్ రూములో అందరూ ఇప్పుడు అదే అడుగుతున్నారు, సమ్మక్క వచ్చేటప్పుడు చూశావా అని. చూడలేదు. నా చెంప పెట్రోలు ట్యాంకుకు ఆని ఉంది. నాకు కనిపించినవి సీటు మీది రెండు పాదాలు. మడమల్లో పగుళ్లు, ఆ పగుళ్లలో వాగు మట్టి, వేళ్లకు అరిగిన మట్టెలు. తుపాకి పేలింది. తల్లి వచ్చేటప్పుడు పోలీసులు గాల్లోకి పేలుస్తారని విన్నాను. ఆ పాదాలు రెండూ మునివేళ్ల మీదికి లేచాయి, వణికాయి, మళ్లీ గట్టిగా ఆనాయి.

“అచ్చింది! అచ్చింది కొడుకా! మల్లేశా, తల ఎత్తి సూడరా!”

“ఎట్ల సూడాలే అవ్వా, ఇడిసిపెడితే పడతవ్!” మల్లేశం గొంతు ట్యాంకు అవతలి నుంచి వచ్చింది.

కొడుకుతో కలిసి నిలబడతానని కొమురమ్మ మొక్కింది, వాడికి తల ఎత్తే వీలే లేదు. మూడోసారి కూడా తప్పిందనుకుంటుందేమోనని నాకు భయం వేసింది. అంతలో మా తలల మీది చేతుల్లో ఒకటి లేచింది. అది మల్లేశం తల మీది చేయి. ఆమె ఆ చేత్తో వాణ్ని చూపిస్తూ, అంత జనం హోరు మీదుగా, అల్లంత దూరాన పోతున్న తల్లికి వినిపించేట్టు కేక వేసింది.

“వీడేనమ్మా, నువ్విచ్చిన పోరడు! గిక్కడున్నడు! నన్ను మోస్తాండు! వానికి తీరదు, నువ్వే చూసుకోని పో!”

మల్లేశం ఏడుస్తున్నాడని ట్యాంకు వణుకును బట్టి నాకు తెలిసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం బండిని మాత్రం వదల్లేదు.